కొండసాగరం కేంపు

తెల్లవారకముందే బయలుదేరాలని కాశీవిశ్వనాథం అనుకున్నాడు. ఇంట్లో మిగతావాళ్లు అనుకోలేదు. అందుచేత గూడుబండి నరసన్నపేట దాటేసరికి ఎండ చురుక్కుమంటోంది. బండిలో ఆయన భార్య సూర్యకాంతం, బొబ్బిలి నుంచి వచ్చిన ఆవిడ తమ్ముడు నరసింగరావు, పరుపులు, వంటగిన్నెలు, పెద్ద గంగాళం నిండా పులిహోర ఉన్నాయి. వెనక వస్తున్న రెండో బండిలో ఈ ప్రయాణానికి అసలు కారణం ఉంది. అది ఒక ఖాకీ డేరా.

యుద్ధం ముగిసి ఏడాది కాలేదు. మిలటరీవాళ్లకి అక్కర్లేని సామాన్లు విశాఖపట్నంలో వేలం వేస్తున్నారని తెలిసి, తన ఇనప కొట్టుకి మేకులు కొందామని కాశీవిశ్వనాథం వెళ్లాడు. మేకులు దొరకలేదు. డేరా దొరికింది. దానితోపాటు మడత కుర్చీ, ఒక దొరటోపీ వచ్చాయి. దొరలు అడవుల్లో నీళ్ల పక్కన డేరాలు వేసుకుని హాయిగా గడుపుతారని ఆ వేలంలోనే ఎవరో అన్నారు. ఆయన ఇంటికి వస్తూనే బావమరిదికి కబురు పెట్టాడు. "మనకేటి తక్కువరా నరసింగం? కొండసాగరం గట్టు మీద నాల్రోజులు దొరల్లాగ ఉండొద్దాం, రా."

కొండసాగరం అంటే అవతలి ఒడ్డుకి చూపు ఆననంత పెద్ద చెరువు. మూడు వైపులా అడవి, నాలుగో వైపు చేపలు పట్టుకుని బతికే చిన్న ఊరు. మధ్యాహ్నానికల్లా చెట్ల నీడన డేరా లేచింది. కాశీవిశ్వనాథం టోపీ పెట్టుకుని, కుర్చీ వాల్చుకుని, నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

సరదా కోసం డేరాలో పడుకునేవాళ్లని ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. డేరా లేచిందంటే కేంపు, కేంపంటే అధికారి. పైగా వాళ్లు తాసిల్దారు కోసం ఎదురుచూస్తున్నారు. చెరువుని గుత్తకి పాడుకున్న అప్పలసూరి అనే ఆసామి వాళ్లని నీళ్లలో వల ముంచనివ్వడం లేదు. వాళ్లు అర్జీ పెట్టుకున్నారు. తాసిల్దారు వచ్చి విచారిస్తాడని జవాబు కూడా వచ్చింది.

అంచేత దానమ్మ అనే నడివయసు మనిషి, ఆవిడ మరిది గంగులు వచ్చి కుర్చీ ముందు వంగి దండం పెట్టారు.

"బావూ, మా సెరువు సంగతి తవరే సూడాల" అంది దానమ్మ.

తాను ఏ అధికారినీ కానని చెప్పడానికే కాశీవిశ్వనాథం నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే నరసింగరావు డేరాలోంచి తల బయటపెట్టాడు. కొట్లో చీలలు తూచే బావని ఎవరైనా 'తవరు' అనడం అతను వినలేదు. ఆ కళ్లలో ఆశ్చర్యం చూసేసరికి కాశీవిశ్వనాథం నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"సూద్దాం."

దానమ్మ మొహం విప్పారింది. చేతిలోని ఆకు విప్పి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. అందులో కొర్రమీను ఇంకా కొట్టుకుంటోంది.

కాశీవిశ్వనాథం ఇంట్లో తరతరాలుగా నీచు ముట్టరు. గూడుబండిలోంచి సూర్యకాంతం, "ఓలమ్మో! వంట కాడికి సేపలొచ్చీసినాయి! నానీ పొద్దు పొయ్యి ఎలిగించను!" అని కేక పెట్టింది. కాశీవిశ్వనాథం ముక్కు మూసుకుని, "తీసీండి, తీసీండి! నా ఎదర పెట్టకండి!" అని కాళ్లు పైకి లాక్కున్నాడు.

దానమ్మ చేపని తీసుకుంది. "సిన్నదని కోపమొచ్చినట్టున్నాది" అన్నాడు గంగులు దారిలో.

కాసేపటికి దానికి రెండింతల చేప వచ్చింది. ఆయన దాన్నీ తోసేశాడు. అప్పుడు ఊరంతా ఆలోచించి ఒక మేకపిల్లని తోలుకొచ్చి డేరా గుంజకి కట్టి, ఆయన వద్దనే లోగా వెళ్లిపోయారు. మేకపిల్ల కట్టు విప్పుకుని గంగాళంలో తల పెట్టింది. అది తల ఎత్తేసరికి పులిహోరలో కరివేపాకు కూడా మిగల్లేదు.

"బావా, నువ్వెవరివో సెప్పీరాదా?" అన్నాడు ఆకలి మీదున్న నరసింగరావు.

"ఇంతసేపూ కూకోబెట్టి ఇప్పుడు సెప్తే ఏటనుకుంటారు? నెమ్మదిగా సెప్తాను."

నెమ్మదిగా చెప్పే అవకాశం రాకుండానే అప్పలసూరి వచ్చాడు. వచ్చిన అధికారి నీచు తినడని బండి తోలేవాళ్ల మాటల్లో అతని చెవిన పడింది. పనసతొనలు, గడ్డపెరుగు, అరటిపళ్లు మనుషుల చేత మోయించుకొచ్చాడు. "తవరు నా మీద దయుంచాల" అన్నాడు. అప్పటికి కాశీవిశ్వనాథం కడుపులో ఎలకలు పరుగెత్తుతున్నాయి. నోటినిండా పనసతొన పెట్టుకుని, "సూద్దాం" అన్నాడు. సూర్యకాంతం పెరుగు గిన్నె బండిలోకి అందుకుంది. నరసింగరావు అడక్కుండానే అరటిపళ్లు ఒలుచుకున్నాడు.

గట్టు మీద ఊరివాళ్లు నిలబడి ఉన్నారు. దానమ్మ గంగులుతో అన్న మాట వినబడింది.

"మనది తోసీసినాడు. ఆడిది తింతన్నాడు. పిల్లలకి రేపు కూడా గంజేరా."

పనసతొన కాశీవిశ్వనాథం గొంతుకి అడ్డం పడింది. అప్పుడైనా నిజం చెప్పి ఉండవలసింది. కాని సిగ్గుపడ్డ మనిషి సిగ్గుని కప్పుకోవడానికి చేతికి అందిన దాన్నల్లా లాగుతాడు. ఆయన చటుక్కున లేచి, టోపీ సర్దుకుని గట్టిగా అన్నాడు. "ఎల్లండి! వలలు ఏసుకోండి! నాను సెప్తన్నాను!"

ఊరు ఊరంతా ఈలలు వేసుకుంటూ నీళ్లలోకి దిగింది. అప్పలసూరి ఖాళీ బుట్టకేసి, ఆయనకేసి మార్చి మార్చి చూశాడు. "నా పనస తినీసి ఇదేటి బావూ?"

ఆ మాట అంటూండగానే అసలు తాసిల్దారు గుర్రం మీద వచ్చాడు. వెనక బంట్రోతు బిళ్ల తగిలించుకున్న డఫేదారు. చెరువు నిండా వలలు చూసి, "ఎవరు వెయ్యమన్నారు?" అన్నాడు.

ఊళ్లో చేతులన్నీ ఒక్కసారి టోపీ వైపు చూపించాయి.

తాసిల్దారు గుర్రం దిగి, మర్యాదగా నమస్కారం చేశాడు. "తమరు ఏ డిపార్టుమెంటు?"

కాశీవిశ్వనాథం టోపీ తీసేశాడు. "ఇనప సామాను కొట్టండి" అన్నాడు. "నరసన్నపేటలో."

ఎవరైనా నవ్వి ఉంటే బాగుండేది. ఎవరూ నవ్వలేదు. నరసింగరావు తన కాలివేళ్లు చూసుకుంటున్నాడు. సూర్యకాంతం బండిలో అటు తిరిగి పైట తల మీదికి లాక్కుంది. తానెవరో, ఎందుకొచ్చాడో, మొదటి దండం దగ్గర్నుంచి చివరి పనసతొన దాకా, కాశీవిశ్వనాథం అందరి ముందూ చెప్పుకున్నాడు. చెబుతున్నంతసేపూ ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది.

తిడతారనుకున్నాడు. దానమ్మ తడిచీర పిండుకుంటూ దగ్గరికి వచ్చింది.

"నీచు తిననని ఒక్క మాట సెప్తే పోయీది కదా బావూ. పనసకాయలు మా పెరట్లో నేవా? కోసి తెచ్చీవోళ్లం. ఆపీసరయితేనే పెడతామేటి?"

అప్పలసూరి తిట్టినా, తాసిల్దారు బేడీలు వేయించినా ఆయన అంత కుంచించుకుపోయేవాడు కాడు. చేతుల్లో టోపీ ఎటు తిప్పాలో తెలియక తిప్పుతూ నిలబడ్డాడు.

తాసిల్దారు డేరాలోకి తొంగి చూశాడు. "నా డేరా బండికి ఇరుసు విరిగింది. విచారణ అయ్యేదాకా ఇది నేను వాడుకుంటాను, అభ్యంతరం లేదుగా?" అన్నాడు. అభ్యంతరం చెప్పే ముఖం కాశీవిశ్వనాథానికి మిగల్లేదు. మడత కుర్చీలో తాసిల్దారు కూర్చుని అందరి మాటా విన్నాడు. అప్పలసూరి పాడుకున్నది పెద్ద వలల గుత్త మాత్రమేననీ, ఇంటి కూటికి ఊరివాళ్లు విసురువలలు వేసుకోవడం ఎప్పట్నుంచో ఉన్న వాడుకేననీ తేల్చాడు. వేసిన వలలు వేసినట్టే ఉంచమన్నాడు. ఊరు తాసిల్దారుకి జేజేలు పలికింది. ఆ మాట ముందు చెప్పిన మనిషి ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడమే మేలని ఆ మనిషికీ అనిపించింది.

ఇక అందరి వాంగ్మూలాలూ రాసుకోవడం మిగిలింది. కాశీవిశ్వనాథం కూడా ఇవ్వాలన్నారు. ఊరివాళ్ల వెనక, వరసలో చిట్టచివరి మనిషిగా, ఆయన తన డేరా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

లోపలికి గాలి రావడం లేదని డఫేదారు ఆయన్ని కాస్త ఎండలోకి జరగమన్నాడు.