లేని అధ్యాయం

ఇంగ్లీషు సాహిత్యానికి పుస్తకాలను మించిన శత్రువు లేదు! నవ్వకండి. ఎమ్మే ఇంగ్లీషు ఎంట్రన్సు రాయబోయే పిల్ల చేతికి నవల ఇవ్వడమంటే ఈత పోటీకి వెళ్ళేవాడి మెడకి రోలు కట్టడమే. ఈ సత్యాన్ని కనిపెట్టిన మహానుభావుడు మన కొత్తపేటలోనే ఉన్నారు. ఆయనే తాతాజీ మాస్టారు.

1997లో, బజ్జీల కొట్టు మీది మేడగదిలో, ఆయన కోచింగ్ సెంటరు కళకళలాడేది. అక్కడ పుస్తకాలు ఉండేవి కావు. నాలుగు వేల బిట్లతో మాస్టారే తయారుచేసిన బిట్‌బ్యాంకు ఒక్కటే ఉండేది. ఏ కవి ఏ ఏడు పుట్టాడు, ఏ ఏడు పోయాడు, ఏ నాటకంలో అంకాలెన్ని, ఏ నవలలో అధ్యాయాలెన్ని? ఆయన అడగడం, నలభై ఒక్క మందీ ఒక్క గొంతుతో అరవడం! కింద బజ్జీలు వేసే వరహాలమ్మకి సగం బిట్లు నోటికొచ్చేశాయి. ఒకరోజు ఆవిడ మెట్ల దగ్గర మాస్టారిని ఆపింది.

"ఆ కవిగారెవరో ఇరవయ్యారేళ్ళకే పోయేరంటున్నారు, పాపం! ఏం జబ్బు చేసిందండీ?"

"అది బిట్లో లేదమ్మా," అన్నారు మాస్టారు.

చూశారా, ఎంత హాయో! జబ్బులూ ప్రేమలూ కన్నీళ్ళూ అన్నీ వడగట్టేసి, సంవత్సరాలు మాత్రం చేతిలో పెట్టే చదువు ఇంకెక్కడైనా ఉందా?

ఇలాంటి స్వర్గంలో ఉండి కూడా సత్యదుర్గ చెడిపోయింది. పలివెల పిల్ల. తండ్రి మాణిక్యాలరావు మస్కట్‌లో ఒక దొరగారింట్లో వంట చేస్తాడు. దొరసాని పారేయబోయిన లావుపాటి నవల ఒకటి పిల్లకి పనికొస్తుందని ఖర్జూరాల పెట్టెలో పెట్టి పంపాడు. సిలబస్‌లో ఉన్న నవలే! పాపం, మంచికే పంపాడు. కానీ ఆ పిల్ల దాన్ని చదవడం మొదలుపెట్టింది!

ఆ నవలలో లైట్‌హౌస్ కాపలాదారు కూతురు ఒక ఉత్తరం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆమెతో పాటు సత్యదుర్గా ఎదురుచూసింది. బస్సులో చదివింది, అన్నం కంచం ముందు చదివింది. ఫలితం? మోడల్ టెస్టులో నలభై ఒక్క మందిలో నలభై ఒకటో ర్యాంకు! పైగా, నవలలో అధ్యాయాలెన్ని అంటే ముప్ఫై తొమ్మిది అని రాసింది.

"ముప్ఫై ఎనిమిది కదమ్మా!" మాస్టారు ఎర్ర పెన్నుతో ఆ అంకె కొట్టేశారు.

"పుస్తకంలో ముప్ఫై తొమ్మిది ఉన్నాయండీ."

"పుస్తకంలో ఎన్నుంటే మనకెందుకమ్మా? జవాబుల కీలో ఎన్నున్నాయి?"

ఆ సాయంత్రమే మాస్టారు పలివెల వెళ్ళారు. తల్లి సూర్యావతి ఆయన్ని చూడగానే బావురుమంది.

"తనలో తనే నవ్వుకుంటందండీ, ఏడుస్తందండీ! ఈ ఏడు సీటు రాకపోతే జూన్లో కాన్వెంటు ఉద్యోగంలో పెట్టెయ్యమని వాళ్ళ నాన్నగారు ఉత్తరం రాసేరండీ. ఎల్కేజీ పిల్లల ముక్కులు తుడుచుకుంటా కూర్చోవాలండీ!"

గుమ్మం పక్కనే కూర్చున్న సత్యదుర్గ ఆ మాట వింది. ఎమ్మే చదవాలన్నది ఆ పిల్ల ప్రాణం. లేచి వెళ్ళి నవల తెచ్చింది. ముప్ఫై ఎనిమిదో అధ్యాయం చివర, పోస్టుమాన్ గుమ్మంలోకి వచ్చిన చోట, బస్సు టిక్కెట్టు గుర్తు పెట్టింది.

"ఇంకొక్క అధ్యాయమేనండీ, మాస్టారండీ!"

"లేని అధ్యాయం ఎలా చదువుతావమ్మా?" అని ఆయన పుస్తకం సంచిలో వేసుకున్నారు.

పరీక్షలో సరిగ్గా ఆ బిట్టే వచ్చింది! సత్యదుర్గ పెన్ను ఆగిపోయింది. ముప్ఫై తొమ్మిది అంటే నిజం, ముప్ఫై ఎనిమిది అంటే సీటు. లైట్‌హౌస్ పిల్లకి మనసులోనే క్షమాపణ చెప్పుకుని, ఖాళీలో ముప్ఫై ఎనిమిది నింపింది. ఒకే ఒక్క మార్కు తేడాతో ఆఖరి సీటు వచ్చింది! పేపరు తయారుచేసిన పెద్దల కీలోనూ ముప్ఫై ఎనిమిదే మరి. అంత పెద్ద చదువులు చదివినవాళ్ళు పుస్తకం తెరిచి చెడిపోతారా?

సత్యదుర్గ కాజాల పొట్లం పట్టుకుని, పుస్తకం అడగడానికి మాస్టారి మేడగదికి వెళ్ళింది. కొత్త బ్యాచ్ గదిలో కాచుకుని ఉంది. మాస్టారు మాత్రం గది పక్క డాబా మీద నీళ్ళ ట్యాంకు చాటున, ఒళ్ళో నవల పెట్టుకుని, జేబురుమాలుతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

"మీరు చదివేరాండీ!"

"ఒక్క పేజీ చూద్దామనుకున్నానమ్మా," అన్నారాయన దొరికిపోయిన దొంగలా. "ముప్ఫై తొమ్మిదోది ఉందమ్మా. అసలు కథంతా అందులోనే ఉంది."

"ఉత్తరం అందిందాండీ?"

మాస్టారు పుస్తకం తీసి ఆ పిల్ల చేతిలో పెట్టారు.

"అది బిట్లో లేదమ్మా. చదువుకో."

ఆయన ముఖం కడుక్కుని క్లాసులోకి వెళ్ళారు. సుద్దముక్క తీసి, ఎప్పటిలాగే ఆ నవలలో అధ్యాయాలెన్ని అని అడిగారు.

"ముప్ఫై ఎనిమిది!" మేడ అదిరిపోయింది.

మాస్టారు ఒక్క క్షణం డాబా వైపు చూశారు. అక్కడ సత్యదుర్గ, ట్యాంకు నీడలో కూర్చుని, బస్సు టిక్కెట్టున్న పేజీ తీస్తోంది.

"ఆయ్," అన్నారు నెమ్మదిగా. "పరీక్షకి అంతేనండీ."