దగ్గితే నవ్వాలి

ఆ రోజు ఉదయం శ్లేషయ్య గారి భార్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆయనకి ఇస్త్రీ చొక్కా తొడిగించి, ఆఫీసులో జరిగే సంతాప సభకి తను కూడా వెళ్ళి, ముందు వరసలో కూర్చుని, సభ అయ్యాక ఆయనకి పత్రిక సంపాదకుడి పని ఖాయమైందన్న మాట చెవులారా విని ఇంటికి రావడం. అంతే. కానీ ఆయన పళ్ళు తోముకుంటూ దగ్గారు. ఆవిడ వంటింట్లోంచి అలవాటు ప్రకారం నవ్వింది. నవ్వేశాక గాని, ఆయన అసలు ఏమీ అనలేదన్న సంగతి తట్టలేదు.

"ఏమిటా నవ్వు? జలుబు చేసిందే!" అన్నారాయన బొంగురు గొంతుతో.

ఆవిడ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఆ ఇంట్లో దగ్గు జబ్బు కాదు, ఒక ఏర్పాటు.

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గాని, ఆఫీసులో, వీధిలో అందరికీ ఆయన శ్లేషయ్యే. ఒక మాటలో రెండర్థాలు ఇరికించకుండా మాట్లాడటమంటే ఆయనకి ఒంటికాలి మీద నడిచినట్టుంటుంది. పెళ్ళైన కొత్తలో ఒకనాడు పాలు పొంగి స్టవ్వంతా పారితే, "అయ్యో, నా పాలు పొయ్యి పాలు!" అన్నారు. ఆవిడకి అనగానే అర్థమైంది. కానీ తుడిచే గుడ్డ కోసం వెతుకుతూ ఉండటం వల్ల నవ్వలేదు. ఆయన ముఖం ముడుచుకుంది. భార్యకి అర్థం కాలేదనుకుని విడమరచి చెప్పడం మొదలుపెట్టారు. పాలంటే ఒకటి తాగే పాలు, రెండోది వాటా, మూడో విధంగా చూస్తే... వివరణ ముగిసేసరికి అన్నం చల్లారింది, కూర గడ్డకట్టింది.

"మీ మాటలతోనే కడుపు నిండిపోయిందండీ" అంది ఆవిడ.

ఆయన చాలా సంతోషించారు. "చూశావా, వివరిస్తే ఎంత బాగుంటుందో!" అన్నారు.

ఆ పూటే ఆవిడకి రెండు సంగతులు తెలిశాయి. ఆయన మాటల్లో రెండో అర్థం ఆయనకి తెలుస్తుంది గాని, ఎదుటివాళ్ళ మాటల్లోది తెలియదు. ఇక రెండోది, నవ్వితే వివరణ ఉండదు. మర్నాటి నుంచి ఆయన చమత్కారం వేసి, విన్నవాళ్ళకి చేరిందో లేదో అని చిన్నగా దగ్గడం, ఆవిడ చేస్తున్న పని ఆపకుండా నవ్వడం మొదలైంది. కొన్నాళ్ళకి ఆవిడ వినడం మానేసింది. దగ్గు వినబడితే చాలు. మిగతా మాటలన్నీ ఫ్యాను చప్పుడుతో పాటు పోయేవి.

ఆయన పనిచేసే నీటి సరఫరా ఆఫీసులో వాళ్ళు కూడా ఎవరూ నేర్పకుండానే ఈ సంగతి కనిపెట్టారు. దగ్గగానే నవ్వకపోతే వివరణ వస్తుంది. వివరణ వచ్చిందంటే బస్సు పోతుంది. కాబట్టి అకౌంటెంటు ముందు నవ్వేవాడు, ఆయన్ని చూసి టైపిస్టు, ఆవిణ్ణి చూసి గుమస్తాలు. శ్లేషయ్య గారు మాత్రం తనంత అదృష్టవంతుడు లేడనుకునేవారు.

ఈ నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నారు. ఆ తలపు వస్తేనే ఆవిడకి ఊపిరాడేది కాదు. ఉదయం నుంచి రాత్రి దాకా ఇంట్లోనే! దేవుడి దయవల్ల ఆఫీసు వాళ్ళు ఒక మాసపత్రిక పెడుతున్నారు. రిటైరైన వాళ్ళలో ఒకరిని సంపాదకుడిగా వేస్తారట. దానికి ఆఫీసు వెనకాల ఒక గది కూడా చూశారు. ఆవిడ పనిగట్టుకుని వెళ్ళి ఆ గదిని చూసి వచ్చింది. బల్ల, కుర్చీ, కిటికీ ఉన్నాయి. ఇంటికి చాలా దూరంగా ఉంది. తన పెళ్ళిచూపుల్లో కూడా ఆవిడ దేన్నీ అంత ఆశగా చూడలేదు.

ఎవరిని వేయాలన్నది కొత్త మేనేజరు చేతిలో ఉంది. పాత మేనేజరు గుండె ఆగి పోయాక వేరే ఆఫీసు నుంచి వచ్చిన మనిషి ఆయన. నవ్వడం ఎవరూ చూడలేదు. పాత మేనేజరు కోసం పెట్టిన సంతాప సభలో శ్లేషయ్య గారి ప్రసంగం విని, భాష తెలిసిన మనిషైతే పని ఆయనకే ఇస్తానన్నాడు.

"ఏమండీ, ఈ రోజు ఒక్క చమత్కారం కూడా వద్దు. పోయినాయన భార్య కూడా వస్తోందట" అంది ఆవిడ వేడినీళ్ళ గ్లాసు అందిస్తూ.

"నాకా మాత్రం తెలీదుటే? ఒక్కటి కూడా వేయను. ఒట్టు!"

"మీ మాట మీద నాకెప్పుడూ నమ్మకమేగా."

"అదీ!" అన్నారాయన తృప్తిగా, మళ్ళీ దగ్గారు.

ఇంతలో పక్కింటావిడ కుంటుకుంటూ వచ్చింది. మెట్ల మీద జారి కాలు బెణికిందట, నొప్పి తగ్గే మందు ఉంటే ఇమ్మని వచ్చింది. వరండాలో ఉన్న శ్లేషయ్య గారు, "కాలెలా ఉందమ్మా?" అని అడిగారు. అడిగాక ఆపుకోలేని దగ్గు వచ్చింది. పక్కింటావిడ గోడ పట్టుకుని నొప్పితో మూలుగుతూనే పగలబడి నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది.

"వదినా, కాలంటే ఇంకో అర్థం ఏమిటి?"

"ఏమీ లేదు వదినా, కాలంటే కాలే."

"కాలే!" అని పక్కింటావిడ మళ్ళీ నవ్వింది. ఈసారి నిజంగానే ఏదో అర్థమైనట్టు నవ్వింది.

సభలో కూడా ఇలాగే నవ్వుతారని శ్లేషయ్య గారి భార్యకి తట్టింది. దారిలో మందుల దుకాణం దగ్గర ఆగి దగ్గు బిళ్ళలు కొని సంచీలో వేసుకుంది.

ఆఫీసు హాలు గుమ్మం దగ్గర అకౌంటెంటు నిలబడి అందరినీ లోపలికి పంపుతున్నాడు. నవ్వులు మొదలయ్యేది ఆయన దగ్గరే కాబట్టి, ఆయన్ని ఆపితే అందరినీ ఆపినట్టే అనుకుని ఆవిడ పక్కకి పిలిచింది.

"అన్నయ్యగారూ, ఒక్కమాట. ఈ రోజు ఆయనకి నిజంగా దగ్గు. చమత్కారాలేమీ లేవు. దగ్గినా ఎవరూ నవ్వకండి, మీ వాళ్ళకి కూడా చెప్పండి."

అకౌంటెంటు ఒక క్షణం ఆవిణ్ణి చూశాడు. తరవాత మెల్లిగా కన్ను గీటాడు. "తెలిసిందమ్మా, తెలిసింది. మీరు నిశ్చింతగా కూర్చోండి."

ఆవిడ నిశ్చింతగా కూర్చుంది. అకౌంటెంటు మాత్రం వెనక వరసల్లోకి వెళ్ళి, "ఈ రోజు మామూలుగా ఉండదట. వాళ్ళావిడే ముందుగా వచ్చి నవ్వొద్దని బతిమాలుకుంది. అంటే ఎంత పెద్దది వేస్తాడో చూసుకోండి. మనం గాని మిస్సయితే వివరణ చీకటిపడ్డా అవదు" అని అందరి చెవుల్లోనూ వేశాడు.

వేదిక మీద పోయిన మేనేజరు ఫొటో, పక్కన కొత్త మేనేజరు. ఆయన కూర్చున్నది పాత మేనేజరు కుర్చీలోనే. కింద ముందు వరసలో పోయినాయన భార్య తెల్లటి రుమాలు పట్టుకుని కూర్చుంది. ఆ పక్కనే శ్లేషయ్య గారి భార్య.

ముందుగా అందరూ లేచి మౌనం పాటించారు. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో శ్లేషయ్య గారి గొంతు గరగరలాడింది. ఆయన పెదవులు బిగించారు, మెడ నరాలు పొంగాయి, చివరికి ఖళ్ళుమన్నారు. వెనక వరస గొల్లుమంది.

కొత్త మేనేజరు కళ్ళు తెరిచాడు. పోయినాయన భార్య వెనక్కి తిరిగి చూసింది. నవ్విన వాళ్ళంతా చప్పున తలలు దించుకున్నారు గాని, మౌనంలో రెండో అర్థం ఏముందా అని ఆలోచిస్తూనే ఉన్నారు.

శ్లేషయ్య గారు మైకు ముందుకి వచ్చారు. మాట తప్పలేదు. చాలా సాదాగా, చాలా బాధగా మొదలుపెట్టారు.

"ఆయన మనల్ని విడిచి వెళ్ళిపోయారు..." దగ్గు. నవ్వు.

"నవ్వకండి. నేను మామూలుగానే చెప్తున్నాను..." దగ్గు. ఇంకా పెద్ద నవ్వు. మామూలుగా చెప్తున్నానని చెప్పడం కూడా చమత్కారంలో భాగమేనని టైపిస్టు పక్కావిడకి వివరించింది.

శ్లేషయ్య గారి భార్య పరుగున వెళ్ళి ఆయన చేతిలో దగ్గు బిళ్ళ పెట్టింది. ఆయన బుగ్గన పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు.

"ఆ కుర్చీకి ఆయన తెచ్చిన గౌరవం అలాంటిది. ఇక ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా..." అంటుండగా బిళ్ళ గొంతుకి అడ్డంపడింది. ఈసారి వచ్చింది దగ్గు కాదు, దగ్గుల వాన. హాలు నవ్వుల్లో మునిగిపోయింది. అకౌంటెంటు బల్ల చరిచాడు. ఆ కుర్చీలో కూర్చున్న కొత్త మేనేజరు ఒకసారి కుర్చీ చేతులు చూసుకున్నాడు, ఒకసారి తన చొక్కా చూసుకున్నాడు. ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

ఆయన అకౌంటెంటుని చేత్తో పిలిచి, "ఎందుకయ్యా నవ్వుతున్నారు?" అని అడిగాడు.

"ఆయన ద్వంద్వార్థాలు మాట్లాడతారండి" అన్నాడు అకౌంటెంటు భక్తిగా.

ఆ మాటకి జనంలో ఎలాంటి పేరుందో అందరికీ తెలిసిందే. ఆ పేరు పడకూడదనే శ్లేషయ్య గారు జీవితమంతా 'శ్లేష' అన్న మాట పట్టుకుని వేలాడారు. మేనేజరు ఫొటో కేసి చూశాడు, పోయినాయన భార్య కేసి చూశాడు, చెవులు రిక్కించాడు. సరిగ్గా అప్పుడే శ్లేషయ్య గారికి మాట పెగిలింది.

"ఆయనకి పెద్దా చిన్నా లేదు, ఆడా మగా లేదు. అందర్నీ దగ్గరికి తీసేవారు..." ఖళ్ళు, ఖళ్ళు.

నవ్వులు కిటికీ అద్దాలని తాకాయి. పోయినాయన భార్య రుమాలు ఒళ్ళో పెట్టుకుని లేచి నిలబడింది.

"ఎవర్ని?" అంది.

హాలు చల్లబడింది. ఆవిడ టైపిస్టు కేసి చూసింది. ఎందుకో మేనేజరు కూడా టైపిస్టు కేసే చూశాడు. టైపిస్టు గోళ్ళు చూసుకుంది.

ఇక శ్లేషయ్య గారి భార్య ఉండబట్టలేకపోయింది. లేచి చెప్పేసింది. "అమ్మా, ఇందులో ఏ అర్థమూ లేదు. ఆయనకి జలుబు చేసింది. ఈయన దగ్గితే వీళ్ళు నవ్వుతారు, అంతే. వివరణ తప్పించుకోవడానికి నవ్వుతారు. ఈయన మాటలు వీళ్ళెవరికీ ఏనాడూ అర్థం కాలేదు."

పోయినాయన భార్య కూర్చుంది. మేనేజరు ముఖంలో ఎరుపు తగ్గింది. అనుకున్న పని నెరవేరిందనుకుంటూ ఆవిడ వేదిక కేసి తిరిగింది. శ్లేషయ్య గారు మైకు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. బడిలో అందరి ముందూ నిలబెట్టిన పిల్లాడిలా ఉన్నారు.

"ఎవరికీనా?" అన్నారు మైకులోనే.

 అకౌంటెంటు పైకప్పు చూశాడు.

"అంటే... నీకు కూడానా?"

ఆవిడకి రెండు జవాబులూ ఎదురుగా కనిపించాయి. అర్థం కాలేదంటే ఆయన ఇక నోరెత్తరు, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. అర్థమయ్యేవంటే మాత్రం ఈ లోకంలో ఆయనకి మిగిలేది తనొక్కతే. కాలేదనడానికే నోరు తెరిచింది.

"నాకర్థమయ్యేవండీ. అన్నీ. అనగానే" అంది.

ఎవరూ నవ్వలేదు. ఆయన దగ్గలేదు కూడా.

సభ చివర మేనేజరు లేచి నిర్ణయం చెప్పాడు. "పత్రికన్నది నలుగురి కోసం. ఎవరికీ అర్థం కాని మాటలు రాసే వారి కన్నా, అర్థం కాకపోయినా నలుగురినీ నవ్వించగలిగిన వారే దానికి తగినవారు." సంపాదకుడి పని వచ్చే నెల రిటైరవబోయే అకౌంటెంటుకి ఇచ్చాడు. ఆయన నమస్కారం పెట్టి, ఆనందంతో చిన్నగా దగ్గాడు. హాలంతా నవ్వింది.

ఇంటికి నడుస్తున్నంత సేపూ శ్లేషయ్య గారు మాట్లాడలేదు. ఆవిడకి పాపం అనిపించింది. ఆ పాపం వెనకే, ఇలాగే ఉండిపోతే ఎంత బాగుండును అని కూడా అనిపించి, అలా అనిపించినందుకు సిగ్గు వేసింది.

ఇంటికి వచ్చాక ఆయన చొక్కా విప్పి మేకుకి తగిలించి, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ కుర్చీ అక్కడికి రావడం అదే మొదటిసారి.

"వాళ్ళు ఇన్నాళ్ళూ నన్ను మోసం చేశారే!" అన్నారు. "పోనీలే. ఒక్కరికైనా అర్థమైందిగా, అది చాలు. అన్నట్టు, ఇక నీ దగ్గర దగ్గక్కర్లేదు. అనగానే అర్థమవుతుందన్నావుగా. నువ్వు శ్రద్ధగా వింటూ ఉండు, ఎక్కడ నవ్వాలో నీకే తెలుస్తుంది."

ఆవిడ స్టవ్వు మీద పాలు పెట్టింది. ఇన్నాళ్ళూ దగ్గు ఒక్కటి వింటే సరిపోయేది. ఇక మొత్తం వినాలి.

"నెలాఖరు నుంచి రోజంతా ఇంట్లోనే ఉంటాను. ఒక్కదానికీ ఏమీ తోచదు అనేదానివిగా? పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా మనిద్దరమే!"

"ఇంకేం కావాలి?" అంది ఆవిడ, పొంగుతున్న పాలకేసి చూస్తూ. "నా అదృష్టమే అలాంటిదండీ."

శ్లేషయ్య గారి ముఖం వెలిగిపోయింది. ఆ మాటకి ఇంకో అర్థం ఉండొచ్చని ఆయనకి తోచలేదు. ఆవిడ దగ్గలేదు మరి.