మంగరాజు ఏరుకొచ్చిన పిస్టన్లు

ఆదివారం కొల్లేటి చేపలు సొంత వ్యానులోనే తేవాలని మంగరాజు శుక్రవారం పొద్దున కాఫీ తాగుతూ తీర్మానించుకున్నాడు. పటమటలో అతని చేపల కొట్టుకి ఆ వ్యానే ఆధారం. అదేమో హనుమాన్ జంక్షన్ దగ్గర నల్లటి పొగ వదిలి చతికిలబడింది. ఆదివారానికి కదలకపోతే సరుకు బావమరిది కాశీరావు బండిలో వస్తుంది. ఆ బండిలో కాశీరావు గొప్పలు వింటూ మంగరాజు పక్కన కూర్చోవాలి. అంతకంటే కృష్ణలో దూకడం నయమని అతని అభిప్రాయం.

మెకానిక్కు రహ్మాన్, ఇంటి ముందుకు లాక్కొచ్చిన ఆ వ్యాను ఇంజను విప్పి చూసి, కొత్త సామాను కొనే తాహతు లేదు కాబట్టి పాత సామాన్ల కొట్లలో వెతకమన్నాడు. "నాలుగు పిస్టన్లూ ఒకే ఇంజనువి తీసుకోండి మంగరాజు గారూ. సెట్టు విడదీయకండి" అని మరీ మరీ చెప్పాడు.

మంగరాజు లోలోపల నవ్వుకున్నాడు. కుప్పగా కొంటే అడుగున కుళ్లినవి వస్తాయని తెలియనివాడు చేపల వ్యాపారం చేస్తాడా? ప్రతి పిస్టన్నీ వేలితో నొక్కి, వాసన చూసి, ఒక్కో కొట్లో ఒక్కటే ఏరాడు. సెట్టు పాడవుతుందని కొట్లవాళ్లు మొత్తుకున్నా ప్రాణాలు తోడి మరీ తెచ్చాడు. పటమట చేపల మంగరాజంటే ఎవరనుకున్నారని నాలుగు చోట్లా చెప్పుకోవడం మరిచిపోలేదు.

రహ్మాన్ వాటిని ఇంజనులో పెట్టి చూశాడు. ఒకటి సరిపోయింది. ఒకటి అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా ఊగింది. మిగతా రెండూ లోపలికే పోలేదు. రహ్మాన్ తల పట్టుకుంటే మంగరాజే అతన్ని ఓదార్చి, పిస్టన్లకి కింద తగిలించే కనెక్టింగ్ రాడ్లతో సర్దేద్దామని మళ్లీ బయల్దేరాడు. వాలుగ చేపని ఏరినట్టు బాగా పొడుగైనవి చూసి, అవే కొట్లలో ఒక్కొక్కటి తెచ్చాడు. నాలుగూ నాలుగు పొడుగులు. సంగతి విన్న కాశీరావు, బావ కోసం ముందు సీటు తుడిపించి ఉంచానని కబురు పెట్టాడు. మంగరాజుకి ఆ పూట అన్నం సహించలేదు.

శనివారం తెల్లారేసరికి నలుగురు కొట్లవాళ్లూ గుమ్మంలో ఉన్నారు. సెట్లు విడిపోయి బేరాలు తిరిగిపోతున్నాయని, వాళ్ల సామాను వాళ్లకి ఇచ్చేయమని ఒకటే గోల. మంగరాజు పెరటిదారి చూసుకున్నాడు. భార్య గంగారత్నం మాత్రం సరిపోయిన పిస్టన్ ఎవరిదో వ్యాను దగ్గరున్న రహ్మాన్‌ని మెల్లగా అడిగింది. అంతోని కొట్టుదన్నాడు. ఆ కొట్టు పిస్టన్నీ రాడ్డునీ కొంగు చాటున దాచి, మిగతా ముగ్గురి సామానూ తిరిగిచ్చి, డబ్బు రాబట్టి పంపేసింది. అంతోని ఒక్కడే మిగిలాడు.

"మరి నాదేదమ్మా?"

"మీది ఇవ్వం. మిగతా మూడు పిస్టన్లూ మాకమ్మేసి, ఆ మూడు రాడ్లూ కొసరెయ్యండి. లేదంటే మీ దగ్గర మిగిలిన ఆ మూడూ ఊరగాయ పెట్టుకోండి."

అంతోని లబలబలాడి, చివరికి కొసరేశాడు. ఆదివారం ఇంజను దగ్గి, తుమ్మి, లేచింది. హనుమాన్ జంక్షన్‌లో కాశీరావు బండిని దాటుతూ మంగరాజు అవసరం లేకపోయినా హారన్ కొట్టాడు.

ఆ సాయంత్రం కొట్లో ఒకాయన చేపల కుప్పలోంచి మంచి బొచ్చె ఒక్కటి ఏరబోయాడు. మంగరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"సెట్టు విడదీయమండీ."