అటక కింది మెడ

బడి దూలంలో ఏ లోపమూ లేదనీ, లోపమంతా దాని కింద కూర్చునే అమ్మాయి మెడలోనే ఉందనీ విచారణ సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. ఈ శుభవార్తను ప్రార్థన సమయంలో చదివి వినిపించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అదే బడిలో లెక్కలు చెప్పే మాస్టారు, ఆ అమ్మాయి తండ్రి, ఆయనా కొట్టారు.

ఆరూ ఏడూ తరగతులు కలిసి కూర్చునే గదిలో, వెనక బెంచీ పైన ఒక అటక ఉంది. బడి గెలిచిన షీల్డులన్నీ ఏటేటా దానిమీదే పేరుస్తారు. కీర్తి బరువుకు దూలం కిందికి దిగింది. ముందు బెంచీలు ర్యాంకుల వాళ్లవి గనక, మిగతావాళ్లు దూలం కింద తల ఎడమకు వాల్చి చదువుకుంటారు. మాస్టారి కూతురి మెడ అలాగే నిలిచిపోయింది.

షీల్డులు దించమని ఆయన ఒకసారి అడిగారు.

"దించితే కింద పెట్టాలి కదా మాస్టారూ," అన్నారు హెడ్మాస్టరు. "బడి కీర్తిని కింద పెడతామా?"

సంఘంలోని ఇంజనీరు దూలాన్ని వేలితో తట్టి చూశారు. బరువు మోసేది ఏదైనా కాస్త ఆకారం మారుతుందనీ, అది దూలం మర్యాద అనీ సెలవిచ్చారు. డాక్టరు అమ్మాయి మెడను అటూ ఇటూ తిప్పి చూశారు. ఆకారం మారి వెనక్కి రాకపోతే దాన్ని వైకల్యం అంటారనీ, అది ఎవరి ఒంట్లో ఉంటే వాళ్లదేననీ వివరించారు. ఒకరి శాఖలో ఒకరు వేలు పెట్టకుండా ఇద్దరూ టీ తాగి వెళ్లారు.

డాక్టరు రాసిన మెడపట్టీతో వేసవి సెలవుల్లో మెడ చక్కబడసాగింది. ఏడాదిపాటు తీయకూడదన్నారు. బడి తెరిచిన రోజునే నిటారుగా ఉన్న ఆ తల దూలానికి కొట్టుకుంది. రెండు షీల్డులు కింద పడ్డాయి. హెడ్మాస్టరు నొచ్చుకున్నారు, షీల్డుల గురించి. తరగతికి సరిపోయేదాకా అమ్మాయిని ఇంటిపట్టునే ఉంచమన్నారు.

"అందరి పిల్లలూ ఒంగే కదండీ చదువుతున్నారు," అంది మాస్టారి భార్య ఆ సాయంత్రం. "మన పిల్లకొక్కదానికే ఈ నిక్కు ఎందుకు?"

"ఇప్పుడు నొప్పి లేదు నాన్నా," అంది కూతురు.

మర్నాడు మాస్టారు బడి గేటు దగ్గర తన చేతులతోనే పట్టీ విప్పి, సంచిలో పెట్టుకున్నారు. తల తనంతట తానే ఎడమకు వాలింది. తరగతిలో దానికి చక్కగా చోటు దొరికింది.

కొత్త ప్రవేశాలు మొదలయ్యాయి. వరుసలో దయచేసి తోసుకోకండి. అటక కింద ఇంకా చోటుంది.