పరామర్శకు పది నిమిషాలు

పళ్ళ డాక్టరు భార్య మంగళవారం పోయింది. శుక్రవారం ఉదయం ఆయన చేయాలనుకున్న పని ఒక్కటే. క్లినిక్ మూడు రోజులు మూసి ఉంటుందని రోగులకు కబురు పంపి, ఇంటి తలుపు వేసుకొని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవడం.

ఆ కబుర్ల పని ఇన్నాళ్ళూ ఆమెదే. తీరిక లేనివాళ్ళకు ఆన్‌లైన్ ప్రచారం నేర్పే తరగతికి నాలుగు ఆదివారాలు వెళ్ళి వచ్చి, రోగుల నంబర్లన్నీ ఒక చోట చేర్చి, మీట నొక్కితే అందరికీ సందేశం వెళ్ళేలా అమర్చింది. "ఒకసారి కూర్చొని నేర్చుకోండి, పది నిమిషాల పని" అని ఎన్నోసార్లు చెప్పింది. ఆయనకు ఆ పది నిమిషాలు దొరకలేదు.

ఇప్పుడు దొరికాయి. ఆమె ఫోన్ తీసి రెండు వాక్యాలు రాసి మీట నొక్కాడు. ప్రతి సందేశానికీ ముందొక మాట, వెనకొక మాట దానంతటదే చేరేలా ఆమె ఏర్పాటు చేసిందని ఆయనకు తెలియదు. వెయ్యీ రెండు వందల మందికి అందినది ఇది: "శుభోదయం! మీకో మంచి వార్త. నా భార్య మంగళవారం మరణించింది. క్లినిక్ మూడు రోజులు ఉండదు. ఈ అవకాశం వదులుకోకండి! మీ టైమ్ ఇప్పుడే బుక్ చేసుకోండి."

జనం మంచివాళ్ళు. మొదటి మాటను దుఃఖంలో దొర్లిన పొరపాటు అనుకున్నారు. చివరి మాటను పరామర్శకు పిలుపు అనుకున్నారు.

పదింటికి క్లినిక్ కౌంటరులో పనిచేసే ఆమె ఫోన్ చేసింది. "సార్, మీరోసారి రావాలి."

"మూసెయ్యమన్నాను కదమ్మా."

"మూసే ఉంచాను సార్. మెట్ల మీద నలభై మంది ఉన్నారు. అందరికీ టైమ్ ఇచ్చేశాం. మనిషికి పది నిమిషాలు."

"దేనికి?"

"ఏడవడానికి సార్."

డాక్టరు వెళ్ళక తప్పలేదు. "ఏడో నంబరు లోపలికి రండి. ఎనిమిది, రెడీగా ఉండండి" అని ఆమె పిలుస్తూనే ఉంది. లోపల రోగి కుర్చీ తప్ప కూర్చోవడానికి ఇంకొకటి లేదు. వచ్చినవాళ్ళు దానిలోనే వెల్లకిలా వాలి, ధైర్యంగా ఉండమని పైకప్పుకు చెప్పి వెళ్ళారు. రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. డాక్టరు అలవాటు కొద్దీ చూశాడు.

"వెనక పన్ను తీసెయ్యాలి."

"ఇప్పుడొద్దులెండి బాబూ" అన్నాడు పోస్ట్‌మాన్ కళ్ళు తుడుచుకుంటూ.

వచ్చినవాళ్ళతో డాక్టరు అన్న మాట ఆ పన్ను సంగతి ఒక్కటే.

సాయంత్రం మరదలు విసురుగా వచ్చింది. "బావా, ఏమిటిది? వచ్చి వెళ్ళిన వాళ్ళందరికీ 'ఈ రోజు మీ అనుభవం ఎలా ఉంది, స్టార్లు ఇవ్వండి' అని మెసేజ్ వెళ్ళింది. మా అక్క చావుకి నాలుగున్నర స్టార్లు వచ్చాయి!"

"అర ఎక్కడ పోయింది?" అన్నాడు డాక్టరు.

"మీకు నవ్వులాటగా ఉందా? ఇలా ఇవ్వండి ఫోను. అన్నీ తుడిచేస్తాను."

ఆయన ఇవ్వలేదు. చదువుతున్నాడు. పోస్ట్‌మాన్ మూడే ఇచ్చాడు. "డాక్టరుగారు పన్ను గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. అమ్మగారుంటే మా ఆవిడ మోకాలి సంగతి అడిగేది. అందుకే రెండు తగ్గించాను."

దాని కింద ఇంకొకరు: "సూదికి భయపడి పారిపోతే వీధి చివరిదాకా వచ్చి పట్టుకొచ్చింది. ఐదు." ఇంకొకరు: "నా ఉద్యోగం పోయినప్పుడు ప్రతి సోమవారం ఫోన్ చేసింది. పళ్ళ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు."

పదహారేళ్ళు క్లినిక్‌లో గోడకు అవతల ఆమె ఫోన్లో మాట్లాడుతూనే ఉంది. కాస్త మెల్లగా మాట్లాడమని మాత్రం ఆయన అప్పుడప్పుడు తలుపు తీసి చెప్పేవాడు.

"తుడిచెయ్యనా బావా?" మరదలు గొంతు తగ్గింది.

"వద్దు. వీటికి జవాబు రాయాలేమో కదా?"

"ఒక్క రోజులో రాయాలనేది అక్క. మీరు రాస్తారా?"

"రాస్తాను."

ఆ మాట అని ఐదు నెలలయింది. పోస్ట్‌మాన్ పన్ను తీయడం కూడా అయింది. రివ్యూలు నలభై మూడు. డాక్టరు ఇంకా ఒక్కదానికీ జవాబు రాయలేదు.