ఇద్దరు రావులు, ఒక గది

టిఫిను చేసి, గదికెళ్ళి కోటు తొడుక్కుని, వేదికెక్కి నాలుగు ముక్కలు మాట్లాడి, భోజనం కాగానే సింగపూరులోనే బిషాన్‌ పేటలో ఉన్న ఇంటికి పోయి పడుకోవాలని సుధాకరరావు ఆ ఉదయం అనుకున్నాడు. ఇల్లు ముప్పావుగంట దూరమే. అయినా సదస్సుకి వచ్చినవాళ్ళంతా హోటల్లోనే బస చేయాలని కంపెనీ హుకుం. అలా బస చేస్తే ఐకమత్యం పెరుగుతుందట.

సముద్రం ఒడ్డున కట్టిన పెద్ద చైనా రిసార్టు అది. ఒకప్పుడు వైభవం చూసింది. ఇప్పుడు డ్రాగన్లు చుట్టుకున్న స్తంభాల మీద ఎర్రరంగు పెచ్చులూడుతోంది. లిఫ్టు రావాలంటే దానికి బుద్ధి పుట్టాలి. నాలుగంకె చైనావాళ్ళకి చావుని గుర్తుచేస్తుందని నాలుగో అంతస్తే లేకుండా కట్టారు. మిగతా అంతస్తుల ఆయుష్షుకి దానివల్ల ఒరిగిందేమీ కనబడదు.

టిఫిను అయింది. గది తలుపు మాత్రం అతని కార్డుకి తెరుచుకోలేదు. తుడిచి పెట్టాడు, తిప్పి పెట్టాడు. చివరికి కింద కౌంటరుకి వెళ్ళాడు.

"మిస్టర్ రావ్ రూమ్ క్యాన్సిల్ ఆల్రెడీ," అంది కౌంటరు పిల్ల. "యువర్ కంపెనీ సే వన్ లా, అంకుల్." మీ కంపెనీయే చెప్పింది అని ఆ సింగపూరు ఇంగ్లీషుకి అర్థం.

అప్పటికే అతని పెట్టె కింద ఉంది. పెట్టె మీద, ఎవరో శ్రద్ధగా మడతపెట్టిన అతని తడి తువ్వాలు ఉంది.

నెల్లాళ్ళుగా ఆఫీసులో ఉద్యోగాల కోతల పుకారు నడుస్తోంది. సుధాకరరావు పెట్టె అందుకున్నాడు. వెనక్కి తిరిగితే కౌశిక్. ఉద్యోగంలో చేరిన రోజునుంచీ సుధాకరరావే పని నేర్పిన కుర్రాడు.

"అయ్యో, అంకుల్," అన్నాడు కౌశిక్.

నిన్న రాత్రి దాకా 'సార్' అనేవాడు. ఆ ఒక్క పిలుపుతో సుధాకరరావుకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

అతను హాల్లోకి వెళ్ళేసరికి వార్త ముందే వెళ్ళి కూర్చుంది. ముందు వరుసలో అతని కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్టు ఉంది. సింగపూరులో కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోటు పట్టుకుంటే శిలాశాసనంతో సమానం. దాన్నే 'చోప్' చెయ్యడం అంటారు.

"మీరుండరేమో అనుకుని చోప్ చేశా, అంకుల్," అన్నాడు కౌశిక్. "ఉంటారా?"

ఒకరు వచ్చి చెయ్యి నొక్కారు. ఇంకొకరు ఇకనైనా ఆరోగ్యం చూసుకోమన్నారు. మరొకరు, ఏమీ అనుకోవద్దంటూనే, అతని ఖాతాదారుల ఫోన్ నంబర్లు అడిగారు. ఉద్యోగుల వ్యవహారాలు చూసే అరుణశ్రీని పక్కకి పిలిచి, "అమ్మా, ఇవాళ ఎవరినైనా తీసేస్తున్నారా?" అని అడిగాడు.

ఆవిడ తల దించుకుంది. "నేనేం మాట్లాడకూడదు సర్. లంచ్ అయ్యాక తెలుస్తుంది."

ఇంటికి ఫోన్ చేశాడు. "తీసేశామని చెప్పారా?" అంది భార్య వసుంధర.

"చెప్పలేదు. అందరికీ తెలుసు."

"చెప్పేదాకా నోరు మెదపకండి. ఫ్లాట్ లోను ఇంకా ఉంది. ఈ వయసులో ఎవరిస్తారు ఇంకో ఉద్యోగం?"

సుధాకరరావు సరేనన్నాడు. నిజంగానే ఆగేవాడేమో. కానీ తన వంతు వచ్చి వేదిక మీదనుంచి చూస్తే, తన కుర్చీలో కౌశిక్ కాలు మీద కాలేసుకుని కనిపించాడు. పక్కనే బాస్ జనార్ధనరావు, వినకుండానే తలాడిస్తున్నాడు.

"ఎలాగూ పోతున్నాను కాబట్టి," అన్నాడు సుధాకరరావు, తెర మీది బొమ్మలు ఆపేసి, "నిజం చెబుతాను. మనం ఆసుపత్రులకి అమ్ముతున్న సాఫ్ట్‌వేర్ పనిచెయ్యదు. జనార్ధనరావు గారికి తెలుసు. కౌశిక్‌కి ప్రమోషన్ తెచ్చిన డిజైన్ మనతో పనిచేసిన నవతది. ఆ అమ్మాయి విసిగిపోయి పోయినేడే మానేసింది. నన్ను తీసేసినందుకు కాదు నా బాధ. ఆ మాట ఒక మనిషి చెప్పకుండా తలుపు చేత చెప్పించారు."

వెనక వరుసల్లో చప్పట్లు మోగాయి. జనార్ధనరావు లేచాడు.

"నిన్నెవరు తీసేశారయ్యా?"

సుధాకరరావు అరుణశ్రీ వైపు చూశాడు. ఆవిడ మళ్ళీ తల దించుకుంది.

"ఎవరూ తియ్యలేదు," అన్నాడు జనార్ధనరావు నెమ్మదిగా. "పోతానన్నది నువ్వే. ఇంతమంది విన్నారు. అరుణశ్రీ, రాసుకోమ్మా. రాజీనామా ఆమోదించాను."

భోజనాల దగ్గర, ముంబై నుంచి వచ్చిన డైరెక్టరు జనార్ధనరావుని పక్కకి తీసుకెళ్ళి, ఆయన సేవలు ఇక చాలన్నాడు. పొద్దున కంపెనీ ఖాళీ చేయించమన్నది ఆయన దిగిన పెద్ద గదిని, సూట్‌ని. హోటలువాళ్ళకి జాబితాలో ఇద్దరు రావులు కనబడ్డారు. సూట్‌లో ఉన్న రావుని కదిలించే ధైర్యం లేక, చిన్న గది రావుని కదిలించారు.

సంగతి తెలిసి సుధాకరరావు అరుణశ్రీ దగ్గరికి పరుగెత్తాడు. "పోయింది ఆయనటగా. మరి నాది చెల్లదు కదమ్మా?"

"చెల్లుతుంది సర్. మీది ఆమోదించినప్పటికి ఆయనే బాస్."

"నేను చెప్పింది నిజమేనని డైరెక్టరు గారు అన్నారట."

"అన్నారు. చాలా మెచ్చుకున్నారు కూడా. దాని మీద రిపోర్ట్ రాసే బాధ్యత కౌశిక్‌కి ఇచ్చారు."

సాయంత్రం పోర్టికోలో ఇద్దరు రావులు, రెండు పెట్టెలు టాక్సీ కోసం నిలబడి ఉన్నారు.

"నోరు పారేసుకునే ముందు నన్నొక్క మాట అడగాల్సింది," అన్నాడు జనార్ధనరావు.

"అడిగితే ఏమనేవారు?"

"నేనున్నంతకాలం నీ ఉద్యోగానికి ఢోకా లేదనేవాణ్ణి."

భోజనాల వేళ దాకా అది నిజమే.