కటింగ్ మాస్టారి కుర్చీ

కటింగ్ మాస్టారు ఆ రోజు అరగంట ముందే బట్టలు కుట్టే కంపెనీకి పనికి వచ్చాడు. నాలుగింటికల్లా ఆరు వందల ఆసుపత్రి యూనిఫాంలు లారీ ఎక్కాలి. తాపీగా కూర్చుని మిగిలిన కాలర్లు కత్తిరించేద్దామని బల్ల దగ్గరికి వెళ్లేసరికి కుర్చీ లేదు. ఇరవై రెండేళ్లుగా ఆయన నడుంనొప్పిని మోస్తున్న కుర్చీ!

ఉద్యోగం ఊడిందనే అనుకున్నాడు. నిన్న సాయంత్రమే నాసిరకం బట్ట వద్దని యజమానితో మాటకు మాట అన్నాడు మరి. నోరు ఊరుకుంటేగా!

"నా పని అయిపోయిందమ్మా," అన్నాడు బొత్తాలు కుట్టే బొద్దమ్మతో. "మాటైనా చెప్పకుండా కుర్చీ తీసేశారు."

"అదెలా కుదురుతుంది బాబాయ్? అక్క ఒప్పుకోవద్దూ?"

అక్క అంటే సిబ్బంది వ్యవహారాలు చూసే ఆవిడ. మందలించాలన్నా, మెచ్చుకోవాలన్నా ముందు ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పనిదే కాగితం కదపదు. ఆ ఒక్క అలవాటు వల్లే, పక్క కంపెనీ ఎంత ఆశపెట్టినా ఈ గుమ్మం దాటినవాళ్లు లేరు. తీరా చూస్తే అక్క గదికి తాళం వేసి ఉంది.

"అక్క చెప్పకుండా ఇక్కడ ఏదీ జరగదు. జరిగిందంటే అక్కనీ పీకేసినట్టే!" అని బొద్దమ్మ తేల్చేసింది.

ఇంకేముంది, చిలికి చిలికి గాలివాన అయింది. నలభై మిషన్లు ఠక్కున ఆగాయి. అందరూ యజమాని గది ముందు చేరారు. "నా కోసం వద్దర్రా, లారీ టైమైపోతుంది," అని మాస్టారు మొత్తుకున్నా వినేదెవరు?

"అక్క లేని చోట మేమూ ఉండం!" అంది బొద్దమ్మ.

యజమాని గదిలోంచి ఒక్క ఉదుటున బయటికొచ్చాడు. "అయ్యో, అక్క వెళ్లిపోయిందా? ఆ పక్క కంపెనీ వాడే ఎగరేసుకుపోయుంటాడు!" అంటూ మెట్ల మీద కూలబడ్డాడు. "మాస్టారూ, మీ మాటైతే వింటుంది. వెనక్కి రమ్మనండి. మీరు వద్దన్న ఆ బట్ట కూడా కొననులెండి!"

"ముందు నా ఉద్యోగం ఉందాండీ?"

"మీ ఉద్యోగానికేమైంది?"

సరిగ్గా అప్పుడే వాకిట్లో వ్యాను ఆగింది. అక్క దిగింది. వెనకే కుర్చీ దిగింది, నడుముకి కొత్త మెత్తతో, ఎత్తు సరిచేసిన కాళ్లతో.

"మీరు వచ్చేలోపే తెచ్చిపెట్టి ఆశ్చర్యపరుద్దామనుకున్నా మాస్టారూ. వడ్రంగి ఆలస్యం చేశాడు," అని, సంగతంతా విన్నాక తలదించుకుంది. "తప్పు నాదే. ఒక్క మాట చెప్పి తీసుకెళ్లాల్సింది. క్షమించండి."

నలభై మంది ముందు అడిగిన క్షమాపణ అది. మాస్టారి కళ్లు చెమ్మగిల్లాయి. నడుంనొప్పి సంగతి ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. అడగకుండానే కనిపెట్టిన ఆ మనిషికి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"చాల్లెండమ్మా, కాలర్లు ఎదురుచూస్తున్నాయి," అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. భోజనానికి కూడా ఎవరూ లేవలేదు. నాలుగుకి పావుగంట ముందే లారీ కదిలింది.

సాయంత్రం అక్క తన పేరు మీద తనే ఒక మందలింపు మెమో రాసుకుంది. సంతకం పెట్టే ముందు, నియమం ప్రకారం, అద్దం ఎదురుగా కూర్చుని విషయం చెప్పింది.